డెబ్బై ఏళ్ల ఉత్తరం

రేపా, ఓ రేపా! ఇన్ని యుగాలుగా మా గడప దాకా వస్తూనే ఉన్నావు, ఒక్కనాడూ ముసుగు తీసి రాలేదు. పెళ్లిపందిట్లోకి పాడె మోసుకొచ్చిందీ నువ్వే, పాడె లేచిన వాకిట్లో ఉయ్యాల కట్టిందీ నువ్వే. నారుమడి పచ్చగా నవ్వుతుంటే దానిమీదికి తుఫాను గాలిని తోలుకొచ్చావు. ఎండి నెర్రెలిచ్చిన చెరువులో ఒక్క రాత్రి వానకే చందమామను తేలించావు. నిన్ను తిట్టాలో నీకు దండం పెట్టాలో తెలియకనే మా తాతల తలలు నెరిశాయి. అరచేతి గీతల్లో నిన్ను వెతికాం, నక్షత్రాల్లో వెతికాం, ఇప్పుడు ఫోను తెరమీద వేలితో తోసుకుంటూ వెతుకుతున్నాం. నువ్వు పలకవు. మూగదానివో, మొండిదానివో!

పలకనిదాన్ని ఎంతసేపని పిలుస్తాం? అందుకే నీ వైపు వీపు పెట్టి, నిన్ను చేసినవాడి వైపు తిరుగుతున్నాను. ప్రభూ, ఆలకించు. మాకు భయంగా ఉంది. గుడిలో మైకు ముందు ఈ మాట అనలేం. అక్కడ అందరం విశ్వాసవీరులం. హల్లెలూయల హోరులో ఇంత చిన్న మాట వినపడదు కూడా. అందుకని తెల్లవారకముందే లేచి, కోడి కూయకముందే, ఈ కాగితం మీద అంటున్నాను: మాకు రేపంటే భయంగా ఉంది.

డిసెంబరు 31 రాత్రి ఒంగోలు చుట్టుపక్కల గుళ్లు చూడాలి. కొత్త చీరల గరగరలు, రంగు కాగితాల తోరణాలు, అమ్మ ఒడిలో సగం నిద్రలో సగం కేకు నములుతున్న పిల్లలు, పన్నెండు దాటగానే అయ్యగారి గొంతులో పొంగే ఆశీర్వాదం. ఆ తర్వాత వస్తుంది అందరూ కాచుకున్న ఘడియ. లేసు గుడ్డ కప్పిన స్టీలు పళ్లెం వరసల మధ్యకు వస్తుంది. అందులో చిన్న చిన్న చీటీలు, చీటీకో వచనం. వాగ్దానాల చీటీలు. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, మునివేళ్లతో ఒకటి తీయాలి. రాబోయే పన్నెండు నెలలకూ దేవుడు నీకిచ్చిన మాట అదే.

ఆ చేతుల్ని చూడు ప్రభూ. ఆ చెయ్యి కౌలుకు పొగాకు వేసినవాడిది. గోళ్ల సందుల్లో జిగురు నలుపు ఏ సబ్బుకీ వదల్లేదు. ఎండాకాలంలో వేలం ప్లాట్‌ఫారం మీద తన బేలుకి ధర పలుకుతుందో, ‘నో బిడ్’ అని పక్కకు తోసేస్తారో వాడికి తెలియదు. ఆ పక్క చెయ్యి ఒక తల్లిది. కూతుర్ని డయాలసిస్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చే బస్సు కమ్మీల్ని పట్టుకుని పట్టుకుని కాయలు కాసిన చెయ్యి. ఆ వెనక తండ్రి, కొడుకుని అమెరికా పంపడానికి ఇల్లు తాకట్టు పెట్టినవాడు. మార్చిలో తీసే వీసా లాటరీ మీద ఆ ఇంటి దూలాలన్నీ వేలాడుతున్నాయి. ఇక ఆ చివర ముసలమ్మ. చదువు రాదు. చీటీ తీసి మనవడి చేతికిస్తుంది. వాడు ట్యూబులైటు కిందికి జరిగి, గుణింతాలు కూడబలుక్కుంటూ చదువుతాడు. వాడు చదివినంతసేపూ ఆమె ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది.

ఆ పళ్లేన్ని నేను ఎగతాళి చెయ్యను. ఆ ముసలమ్మ ఊపిరిని ఎగతాళి చేసే దమ్ము ఎవరికుంది? కానీ ప్రభూ, చెట్టు కింద పంజరం పెట్టుకుని చిలక చేత చీటీ తీయించే జోస్యుడు కనపడితే మొహం తిప్పుకుపోయే మేము, మా పళ్లేనికీ వాడి పంజరానికీ తేడా ఎక్కడుందో ఒక్కసారైనా అడిగి చూసుకున్నామా? నిన్ను మా భయానికి జోస్యుణ్ణి చేసుకున్నాం. నీ మాటను ముక్కలు చేసి, ముందువెనకలు కత్తిరించి, తీపి ఉన్నచోటే ఉంచుకుని, చుట్టచుట్టి పళ్లెంలో పోశాం.

ఆ పళ్లెంలో అందరూ తమకే రావాలనుకునే చీటీ ఒకటుంది. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం, 11వ వచనం. తన ప్రజల గురించి దేవుడు తలపెట్టింది కీడు కాదనీ మేలేననీ, వాళ్లకు ముందుకాలం ఉందనీ చెప్పే మాట. పెళ్లి పత్రికల మీద అదే, ఆటో అద్దాల మీద అదే, గోడ క్యాలెండరు మీద అదే, వాట్సాప్ తెల్లవారుజాముల్లో గులాబీపువ్వు పక్కన అదే. అంత తియ్యటి మాట ఎవరికి రాశారో, ఎక్కణ్ణుంచి రాశారో మాత్రం చీటీలో పట్టలేదు.

అదొక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునూ రాజమాతనూ కంసాలినీ కమ్మరినీ కట్టగట్టి బబులోనుకు తోలుకుపోయాడు. ఆ చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసి, యెరూషలేములోని కొత్త రాజు పంపిన దూతల చేతికిచ్చి పంపిన ఉత్తరం. పదకొండో వచనానికి ముందు పదోది ఉంటుంది కదా. దాన్ని చీటీల మీద అచ్చువేసిన మహానుభావుణ్ణి నేనింకా చూడలేదు. డెబ్బై సంవత్సరాలు అని ఉంటుంది అక్కడ. డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి తీసుకొస్తానని. దానికి ముందు మాటలు ఇంకా చేదు. ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు, పిల్లలకు పెళ్లిళ్లు చేసుకోమన్నాడు, చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చెయ్యమన్నాడు.

ఓ చెరలోని తల్లీ, ఆ ఉత్తరం నీకు చదివి వినిపించిన సాయంకాలం ఏం చేశావమ్మా? వేళ్లమీద లెక్క పెట్టుకున్నావా? ముప్పై ఏళ్ల నీకు నూరేళ్లకు విడుదల. చంకలో పిల్లకు ముసలితనంలో విడుదల. నువ్వు పుట్టిన సీయోను కొండగాలి మళ్లీ నీ చెంపకు తగలదని, నీ ఎముకలు ఈ పరాయి కాలవగట్టునే కరుగుతాయని, తెలిసి తెలిసి మర్నాడు పొద్దున్నే లేచి ఇటికెలు పేర్చావా? అత్తి మొక్క నాటి నీళ్లు పోశావా? ఆ మొక్కకు నువ్వు పోసిన మొదటి చెంబెడు నీళ్లలో ఎన్ని కన్నీళ్లు కలిశాయో ఏ చరిత్రకారుడూ రాయలేదు. ఆశను మేం చీటీలో తీసుకున్నాం. నువ్వు దాన్ని పలుగూ పారతో తీసుకున్నావు.

ఉత్తరం సంగతి ఇలా ఉంటే, యెరూషలేము దేవాలయంలో ఇంకో ప్రవక్త లేచాడు. పేరు హనన్యా. డెబ్బై ఏమిటి, రెండేళ్లే అన్నాడు. రెండేళ్లలో బబులోను కాడి విరుగుతుంది, చెరకు పోయినవాళ్లంతా ఇంటికొస్తారు, ఎత్తుకుపోయిన ఆలయ పాత్రలతో సహా. జనం ఎంత పొంగిపోయి ఉంటారో! ఆ రోజు యిర్మీయా మెడ మీద కొయ్య కాడి ఉంది. రాబోయే దాస్యానికి గుర్తుగా దేవుడు మొయ్యమన్న కాడి. హనన్యా దాన్ని పీకి, యాజకుల ముందూ ప్రజల ముందూ ఫెళ్లున విరిచేశాడు.

ఇక్కడికొచ్చేసరికి నాకు చదువు ముందుకు సాగదు. యిర్మీయా శపించలేదు. రెండేళ్ల మాట వినగానే ముందు ఆమేన్ అన్నాడు. నువ్వన్నట్టే జరగాలి, ప్రభువు అలాగే చెయ్యాలి అన్నాడు. వెటకారమని కొందరంటారు. నాకు అలా అనిపించదు. అతని కడుపూ అదే కోరింది. రెండేళ్లే అయితే ఎంత బావుండు! కాడి విరిగాక అతని దగ్గర వెంటనే జవాబు లేదు. తన దారిన తాను వెళ్లిపోయాడు. బైబిల్లో ఆకాశం నుంచి అగ్ని దింపినవాళ్లున్నారు, నదిని చీల్చినవాళ్లున్నారు. నాకు మాత్రం వాటన్నిటి ముందూ ఈ వెళ్లిపోవడమే నిలువెత్తుగా కనపడుతుంది. విరిగిన కొయ్యముక్కల మధ్య నుంచి, నలుగురి నవ్వుల మధ్య నుంచి, దేవుడు ఇంకా చెప్పని మాటను తాను చెప్పకుండా నోరు కట్టుకుని నడిచిపోయిన మనిషి. జవాబు తర్వాత వచ్చింది. అది వచ్చేదాకా అతను అల్లి చెప్పలేదు.

హనన్యా ఆ ఏటి ఏడో నెలలోనే చనిపోయాడు. అతని సంతతి మాత్రం చావలేదు. ఇది మీ అప్పులు తీరే సంవత్సరం, ఇది మీ వీసా వచ్చే సంవత్సరం, ఇది మీ శత్రువు సిగ్గుపడే సంవత్సరం అని ఫ్లెక్సీల మీద చెయ్యెత్తి నవ్వుతూ ఉన్నారు. రెండేళ్ల సువార్తకు దొరికినంత జనం డెబ్బై ఏళ్ల సువార్తకు ఎన్నడూ దొరకరు.

యిర్మీయా ఇంకో పని చేశాడు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఒక పూట నిలబడ్డ ప్రతి తెలుగువాడికీ అర్థమయ్యే పని. పొలం కొన్నాడు. ఎప్పుడు? బబులోను సైన్యం ఊరి గోడ చుట్టూ మట్టిదిబ్బలు పోసి కూర్చున్నప్పుడు. ఎక్కణ్ణుంచి? రాజుగారి కావలిశాలలో ఖైదీగా ఉంటూ. చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం నువ్వు కొనుక్కో, విడిపించే హక్కు నీదే అన్నాడు. శత్రువు గుడారాలు వేసుకున్న నేలను ఎవడు కొంటాడు? యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి తక్కెడలో తూచి ఇచ్చాడు. దస్తావేజు రాయించి ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసినదీ ముద్ర వెయ్యనిదీ రెండు ప్రతులూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడకుండా మట్టికుండలో పెట్టమన్నాడు.

అంతా అయ్యాక, వెండి చేతులు మారాక, అప్పుడు ప్రార్థనలో అడిగాడు దేవుణ్ణి: ఈ పట్నం శత్రువు చేతికి పోతోందని నువ్వే అంటివి, మళ్లీ పొలం కొనమని నువ్వే అంటివి, ఏమిటయ్యా ఇది? ముందు కొన్నాడు, తర్వాత అడిగాడు. అర్థమయ్యాక నమ్మినవాడు కాదు. నమ్మాక కూడా అర్థం కాలేదని దాచుకున్నవాడూ కాదు. తీరా ఆ పొలంలో అతను ఒక్క చాలు దున్నలేదు. ఊరు కూలింది, మిగిలినవాళ్లు అతన్ని వద్దన్నా ఐగుప్తుకు ఈడ్చుకుపోయారు. ఆ తర్వాత అతని కథ లేఖనంలో చీకటిలోకి జారిపోతుంది.

ఇదంతా ఎక్కడో పరాయి నేల మీద జరిగిందని ఊరుకుందామంటే, మా ఒంగోలు కొండ ఊరుకోనివ్వదు. 1854 జనవరి 1, ఇంకా వెలుగు రాకముందు, ఐదుగురు మనుషులు ఆ కొండెక్కారు. నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. అంతకు ముందు ఏడే అమెరికాలో బాప్టిస్టు మిషను పెద్దలు కూర్చుని, నెల్లూరు మిషను వల్ల ప్రయోజనం కనపడటం లేదు, మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. వాళ్ల పటంలో ఈ తెలుగు నేల మీద ఒకే ఒక్క చుక్క ఉండేది. ఒంటరి నక్షత్రం అన్నారు దాన్ని. ఆ ఒంటరి చుక్క కింద, చలిలో, కొండరాళ్ల మీద మోకాళ్లూని, కింద నిద్రపోతున్న ఊరి కోసం ఆ ఐదుగురూ ప్రార్థించారు. కిందికి దిగివచ్చారు. ఏమీ జరగలేదు. పన్నెండేళ్లు ఏమీ జరగలేదు. 1866లో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి కాపురం పెట్టేదాకా ఆ కొండ మీద మేకలే మేశాయి.

ఇక ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా. వానలు మొహం చాటేశాయి. పశువులు కొట్టాల్లోనే కూలాయి, మనుషులు దారుల్లో కూలారు, మిగిలినవాళ్ల మీద కలరా విరుచుకుపడింది. సర్కారు సహాయపు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని సర్కారు పంపిన టెంపుల్ అనే దొర తేల్చాడు. కడుపు కొలత తెలియని కాగితం లెక్క అది. క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు అక్కడ కూలి ఇప్పించాడు. మట్టి తట్టలు దించిన విరామంలో ఆయన బోధకులు వాళ్ల పక్కన కూర్చుని వాక్యం చదివేవారు. కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వలేదాయన. గింజల కోసం మతం మారారన్న మాట పడకూడదని. గింజలు పంచడం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ అంకెను జూబిలీ సభల్లో చప్పట్లతో చెబుతారు. నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాదు. గుండ్లకమ్మా, నీ ఒడ్డు దాకా రాలేకపోయినవాళ్ల లెక్క నీ దగ్గరుందా? కాలవ గట్టు మీద తట్ట నెత్తినే ఉండగా ఒరిగిపోయిన అన్నలు, పాలింకిన రొమ్ము నోట పెట్టుకునే కన్నుమూసిన పసిగుడ్లు, చివరి పిడికెడు చోళ్లు పిల్లల నోట పోసి తాను నీళ్లు తాగి పడుకుని లేవని తల్లులు? వాళ్లూ ప్రార్థించే ఉంటారు. వాళ్ల ప్రార్థనకు జూలై 3 రాలేదు. నదిలో మునిగినవాళ్ల విశ్వాసం గొప్పదనీ, వీళ్లది కొరవడిందనీ చెప్పే నోరు నాకు లేదు. చెప్పేవాళ్లను చూస్తే మాత్రం హనన్యా గుర్తొస్తాడు.

ఆ నదిలో మునిగి లేచినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకు దారి చూపిన పెద్దల్లో యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల పని చేసినవాడు. అందుకే, విశ్వాసం పక్కన ఎప్పుడూ వినిపించే వినయం అన్న మాట దగ్గర ఒక్క క్షణం నిలబడాలి. వినయం గురించి మా వాళ్లకు ప్రసంగాలు చేసినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. చెప్పులు చేత పట్టుకో, తల దించుకో, బావి ముట్టుకోకు, అదే నీ వినయం అన్నారు. పేరయ్య జనం ఆ వినయాన్ని నేలకేసి కొట్టారు. చచ్చిన గొడ్డు మాంసం తినేది లేదన్నారు. ఆదివారం వెట్టికి వచ్చేది లేదన్నారు. అందుకు కరణాలూ మునసబులూ కొట్టించారు. దెబ్బలు తిన్నారు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. దేవుడి ముందు వంగడం నేర్చిన నడుము మనిషి ముందు వంగడం మరిచిపోయింది. నిజమైన దీనత్వానికి నాకు తెలిసిన గుర్తు ఇదొక్కటే.

ఆ నడుముల మనవళ్లు, మునిమనవళ్లు ఇవాళ ఏ కాగితం దగ్గర నిలబడి ఉన్నారో కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగా మాలా ఎస్సీ కాడు, మన దగ్గర బీసీ-సి అవుతాడు. అందుకని గుడి రిజిస్టరులో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. బాప్తిస్మంలో దావీదు, బడిలో మరొకడు. ఉద్యోగం వస్తే ఏ పేరుతో ఉండాలి, చచ్చిపోతే ఏ పేరుతో పూడ్చాలి? రేపటి భయం అందరికీ ఒకటి కాదు ప్రభూ. కొందరికి అది మబ్బు చాటున ఉంటుంది, కొందరికి మాత్రం రెవెన్యూ ఆఫీసు కౌంటరు అవతల కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

ఇంకో పుండు విప్పుతాను. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఆ సాయంకాలం అక్కడి క్రైస్తవుల ఇళ్లలో శనివారం పనులే అయి ఉంటాయి. రేపటి గుడికి తెల్ల పంచెలు తీసి పెట్టుకోవడం, కానుక చిల్లర కొంగున కట్టుకోవడం, పిల్లల తలంట్లు. ఆ ఆదివారం వాళ్లకు రాలేదు. కడలి లేచి నిలబడింది. తాటిచెట్ల మొవ్వులను తడుముతూ, గుడిసెలు తుడుచుకుంటూ, గుడికీ బడికీ మసీదుకీ తేడా చూడకుండా మైళ్ల కొద్దీ లోపలికి నడిచొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఈ పేర్లను ఇప్పటికీ అక్కడి ముసలివాళ్లు మెల్లగా పలుకుతారు. సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది పోయారు. తుమ్మకంపల్లో చిక్కుకున్న బిడ్డల్ని వాళ్ల బట్టల రంగు బట్టి గుర్తుపట్టారు.

ఓ ప్రభూ, గలిలయ సముద్రాన్ని గద్దించి పడుకోబెట్టినవాడివి! ఆ రాత్రి నువ్వు పడవ అమరంలో తలగడ మీద నిద్రపోతున్నావా? లేపడానికి అరిచారు కదా, ఆ గాలిలో గొంతులు చినిగేలా అరిచారు కదా. ఎవరి గొంతూ నీ చెవి దాకా రాలేదా? ఇది నేను అడగకూడని ప్రశ్న అంటారు. అడగకూడనిదైతే నీ పుస్తకంలో ఎందుకుంచావు? 88వ కీర్తన చివరిదాకా చదివితే వెలుగు రాదు. చీకటితోనే ముగుస్తుంది. విలాపవాక్యములలో ఐదు అధ్యాయాలున్నాయి. నడిమి అధ్యాయంలో ఉంది, ప్రతి ఉదయం నీ కనికరం కొత్తగా పుడుతుందన్న మాట. మా క్యాలెండర్లకు ఆ ఒక్కటి చాలింది. ఆ పుస్తకం చివరికొస్తే మాత్రం, మమ్మల్ని పూర్తిగా విసర్జించావా అన్న అనుమానం దగ్గరే ఆగిపోతుంది. జవాబు రాయలేదు. నువ్వు రానివ్వలేదు. జవాబు లేని ఏడుపును కూడా నీ గ్రంథంలో నీ మాటగానే కుట్టించావు.

గెత్సేమనే తోట గుర్తొస్తోంది. ఒలీవ నీడల్లో ముఖం నేలకానించి, ఈ గిన్నె నా నుంచి తప్పించు అని నీ కుమారుడే అడిగాడు. మూడుసార్లు అడిగాడు. ఒక్కసారి అడిగి విశ్వాసంతో లేచిపోలేదు. చెమట రక్తపు బొట్లలాగా రాలిందట. స్నేహితులు పక్కనే నిద్రపోయారు. నీ చిత్తమే కానిమ్మన్నది ఆ వణుకు తర్వాత వచ్చిన మాట, ఆ వణుకులోంచి వచ్చిన మాట. మేం వణుకును వదిలేసి మాటను మాత్రం గోడలకు రాసుకున్నాం. ఆ రాత్రి గిన్నె తప్పలేదు. తండ్రి చెయ్యి వదల్లేదు. ఈ రెండూ ఒకే రాత్రి నిజమయ్యాయి. నా విశ్వాసమంతా ఇంతే ప్రభూ, ఇంతకు మించి నా దగ్గర లేదు.

మా పల్లెల్లో పాతకాలపు క్రైస్తవ ముసలమ్మలు ఏ పని గురించి చెప్పినా ముందు ‘దేవుని చిత్తమైతే’ అనేవాళ్లు. దేవుని చిత్తమైతే ఎల్లుండి నాట్లు వేస్తాం. దేవుని చిత్తమైతే సంక్రాంతికి అల్లుడొస్తాడు. యాకోబు పత్రిక నుంచి వాళ్ల నాలుకల మీదికి దిగిన మాట అది. రేపు ఫలానా ఊరు పోతాం, వ్యాపారం చేస్తాం, లాభం తెస్తాం అని దర్పంగా లెక్కలు వేసేవాళ్లను ఆపి, కాసేపు కనపడి మాయమయ్యే ఆవిరి మీ బతుకు అని గుర్తు చేసిన పత్రిక. చదువుకున్న మనవళ్లం ఆ మాటను చాదస్తమన్నాం. ఆ ముసలమ్మలు ఎల్లుండి నాట్లని చెప్పి ఊరుకోలేదు. ఇవాళే విత్తనాలు నానబోశారు. చిత్తం ఆయనది, నానబోయడం వాళ్లది. అంత పొందికగా బతకడం మాకు చేతకావడం లేదు. ఐదేళ్ల ప్లానులూ పదేళ్ల ఈఎంఐలూ వేసుకుని రాత్రి నిద్ర పట్టక పైకప్పు చూస్తూ పడుకుంటున్నాం.

ఇక సంఘ కాపరులతో ఒక మాట. అయ్యగారూ, మన గుళ్లలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, బిడ్డ పుట్టినవాళ్లు ముందుకొచ్చి నిలబడతారు. మనం స్తోత్రం అంటాం. మంచిదే. మరి జ్వరం తగ్గనివాళ్లు? తొమ్మిదేళ్లుగా మోకాళ్ల మీద ఉన్నా ఒడి నిండనివాళ్లు? వాళ్లు వెనక వరసలో తలుపు దగ్గర కూర్చుంటారు. తమకే ఏదో లోపముందనుకుని, పాపం, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడతారు. ఏడ్చే ప్రవక్త యిర్మీయాకు తన గ్రంథంలో యాభై రెండు అధ్యాయాలు ఇచ్చిన దేవుడి గుడిలో వాళ్లకు ఐదు నిమిషాల చోటు లేదు.

ఈ ఆదివారం వాళ్లకు మైకు ఇవ్వండి. ఇంకా జవాబు రానివాళ్లు ఎవరైనా ఉంటే రండి అని పిలవండి. ఎవరూ లేవరు మొదట. కాసేపు ఆగండి. వెనక వరస నుంచి ఆ డయాలసిస్ తల్లి లేచి వస్తే, ఆమె ఏమీ బాగుపడలేదని చెబితే, ఇంకా నమ్ముతున్నానని చెబితే, లేదా ఆ మాట కూడా చెప్పలేక ఏడిస్తే, దయచేసి ఆమె మాట పూర్తయ్యేదాకా కీబోర్డు తమ్ముణ్ణి పాట ఎత్తుకోవద్దనండి.